రీడ్ లాక్ చేతిలో ఉండగా రైట్ లాక్ అడిగితే సర్వీసు ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. జావాలో రాసిన ఒక సర్వీసులో అనేక త్రెడ్‌లు (ఒకే ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పనులు) కలిసి వాడుకునే హ్యాష్‌మ్యాప్, అంటే కీని బట్టి విలువను వెతికే పట్టిక, ఉంది. వెతికిన కీ అందులో ఉంటే దాని విలువను తిరిగి ఇస్తారు, లేకపోతే డేటాబేస్ నుంచి తెచ్చి మ్యాప్‌లో చేర్చి ఇస్తారు. మొదట ఒక సమయంలో ఒకే త్రెడ్‌ను రానిచ్చే సింక్రొనైజ్డ్ వాడారు, చదవడమే ఎక్కువ కదా అని తరువాత రీఎంట్రంట్‌రీడ్‌రైట్‌లాక్‌కు మారారు. అందులో రీడ్ లాక్‌ను అనేక త్రెడ్‌లు కలిసి పట్టుకోవచ్చు, రైట్ లాక్‌ను ఒక్కటే పట్టుకోగలదు. అప్పటి నుంచి అప్పుడప్పుడు సర్వీసు మొత్తం కదలకుండా ఆగిపోతోంది, ఆగని రోజుల్లో కూడా వేగం పెరగకపోగా కాస్త తగ్గింది. రెండు త్రెడ్‌లు ఒకే క్షణంలో రావడమే కారణమేమోనని మీ అనుమానం. చదివే చోట లాక్‌ను పూర్తిగా తీసివేయవచ్చా అని చివరలో అడిగారు.

ఆగిపోవడానికి రెండు త్రెడ్‌లు అక్కరలేదు, ఒక్కటే చాలు. మీ కోడ్‌లో త్రెడ్ రీడ్ లాక్ పట్టుకుంటుంది, మ్యాప్‌లో వెతుకుతుంది, కీ దొరకకపోతే రీడ్ లాక్ విడవకుండానే రైట్ లాక్ అడుగుతుంది. రైట్ లాక్ దొరకాలంటే ఆ సమయంలో చదివేవారెవరూ ఉండకూడదు, కానీ చదివేవారి లెక్కలో ఆ అడుగుతున్న త్రెడ్ కూడా ఉంది. గుమ్మానికి అడ్డంగా తానే నిలబడి, దారి ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూడటం లాంటిది ఇది. పేరులో రీఎంట్రంట్, అంటే పట్టుకున్న త్రెడే మళ్లీ తీసుకోగలిగేది, అని ఉంది కాబట్టి లైబ్రరీయే సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఆ సౌకర్యం రీడ్ మీద రీడ్, రైట్ మీద రైట్, రైట్ మీద రీడ్ తీసుకోవడానికి మాత్రమే వర్తిస్తుంది, రీడ్ మీద రైట్ తీసుకోవడానికి వర్తించదు.

ఒక్క త్రెడ్ ఇరుక్కుంటే సర్వీసు మొత్తం ఎందుకు ఆగాలి అన్నది ఇక్కడ సహజంగా వచ్చే సందేహం. ఈ లాక్ మామూలు పద్ధతిలో, అంటే ఫెయిర్ అని అడగకుండా సృష్టించినప్పుడు, వరుసలో ముందు నిలబడినది రాసే త్రెడ్ అయితే కొత్తగా వచ్చే చదివే త్రెడ్‌లను దాని వెనకే నిలబెడుతుంది. రాసేవారికి ఎప్పటికీ అవకాశం రాకుండా పోకూడదనే ఉద్దేశంతో పెట్టిన జాగ్రత్త అది. మీ విషయంలో ఆ ముందు నిలబడిన త్రెడ్ ఎన్నటికీ కదలదు కాబట్టి, అప్పటికే లోపల ఉన్న చదువరులు పని ముగించుకుని వెళ్లిపోతారు గానీ, ఆ తరువాత వచ్చిన ప్రతి అభ్యర్థనా వరుసలో చేరి నిద్రపోతుంది, కొద్దిసేపట్లోనే అభ్యర్థనల కోసం కేటాయించిన త్రెడ్‌లన్నీ (త్రెడ్ పూల్) అయిపోతాయి. పరీక్షల్లో ఇది బయటపడకపోవడానికి కారణం బహుశా అక్కడ మ్యాప్‌ను ముందే నింపి ఉండటం. కీ లేని దారిలో కోడ్ ఒక్కసారి నడిచినా మొదటిసారే ఆగిపోయి ఉండేది.

జేస్టాక్ అనే జావా పరికరంతో తీసిన త్రెడ్ డంప్‌లో (ఆ క్షణంలో ప్రతి త్రెడ్ ఎక్కడ ఉందో చూపే జాబితాలో) డెడ్‌లాక్, అంటే ఎన్నటికీ విడని ఎదురుచూపు, ఉన్నట్టు ఏమీ రాలేదని మీరు రాశారు. అది రాదు. ఆ పరికరం ఒక్కొక్క లాక్ ఎవరి సొంతమో చూసి, ఒకరికోసం ఒకరు ఎదురుచూసే వలయం ఏర్పడిందేమో వెతుకుతుంది. రైట్ లాక్‌కు సొంతదారు ఒకరుంటారు. రీడ్ లాక్ అనేకమంది చేతుల్లో ఉండగలదు కాబట్టి, దానికి సొంతదారు అంటూ ఎవరూ నమోదు కారు. కనుక వలయం ఉన్నా అది కంటికి కనిపించదు. డంప్‌లో చూడవలసిన ఆనవాలు వేరు. ఒక త్రెడ్ మీ సొంత మెథడ్ లోపల రైట్ లాక్ కోసం ఆగి ఉంటుంది, మిగిలినవన్నీ రీడ్ లాక్ కోసం ఆగి ఉంటాయి, రైట్ లాక్ మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే, ఆ రైట్ లాక్ అడుగుతున్న త్రెడ్ పిలుపుల వరుసను కిందిదాకా చదవండి. ఎక్కడో ఒక చోట అదే త్రెడ్ తీసుకున్న రీడ్ లాక్ దొరుకుతుంది.

సరిదిద్దే పద్ధతి ఇది. కీ దొరకలేదని తేలగానే రీడ్ లాక్ పూర్తిగా విడవండి, తరువాత రైట్ లాక్ తీసుకోండి, తీసుకున్న వెంటనే కీ కోసం మళ్లీ వెతకండి. ఈ మూడో మెట్టును చాలామంది మరిచిపోతారు. మీరు ఒక లాక్ విడిచి మరొకటి పట్టుకునే మధ్యలో ఇంకో త్రెడ్ వచ్చి అదే కీని చేర్చి ఉండవచ్చు. మళ్లీ చూడకపోతే డేటాబేస్‌కు అనవసరంగా వెళ్లడమే కాకుండా, అప్పటికే ఎవరో తీసుకుని వాడుతున్న వస్తువు స్థానంలో మరో వస్తువును పెట్టేస్తారు. రీడ్ లాక్ కింద తెలుసుకున్నది ఏదైనా ఆ లాక్ విడిచిన క్షణమే పాతబడిపోయిందని భావించాలి. ఇక లాక్ తీసుకునే వాక్యం ట్రై బ్లాక్‌కు ముందు ఉండాలి, విడిచే వాక్యం ఫైనల్లీలో ఉండాలి. తీసుకునే వాక్యాన్ని ట్రై లోపల పెడితే, లాక్ దొరకకముందే పొరపాటు జరిగినప్పుడు, పట్టుకోని లాక్‌ను విడవబోయి అసలు పొరపాటును కప్పేసే మరో ఎక్సెప్షన్ వస్తుంది.

వ్యతిరేక దిశలో, అంటే రైట్ లాక్ చేతిలో ఉండగా రీడ్ లాక్ తీసుకుని ఆపైన రైట్ లాక్ విడవడానికి, జావా అనుమతిస్తుంది. రాసిన విలువను మధ్యలో ఇంకెవరూ మార్చకుండా కాసేపు చదువుతూ ఉండవలసినప్పుడు ఇది పనికొస్తుంది. ఒక్క విలువ తిరిగి ఇచ్చే మీ మెథడ్‌కు దాని అవసరం లేదు.

చదివే హక్కును రాసే హక్కుగా పెంచుకోవడాన్ని లైబ్రరీలు ఎందుకు ఒప్పుకోవు అని మీకు అనిపించవచ్చు. చదువుతున్న త్రెడ్ ఒక్కటే ఉంటే పెంచుకోవడంలో చిక్కు లేదు. ఇద్దరు చదువరులు ఒకేసారి పెంచుకోవాలనుకుంటేనే చిక్కు. ఇద్దరూ తాము చదివినది మారకూడదని పట్టుబడతారు, ఎదుటివారు విడవాలని ఎదురుచూస్తారు. ఎవరో ఒకరు ఓడిపోక తప్పదు. అందువల్ల ఒక్కొక్క వ్యవస్థ ఒక్కొక్క దారి ఎంచుకుంది. గో భాషలోని ఆర్‌డబ్ల్యూమ్యూటెక్స్, విండోస్‌లోని ఎస్‌ఆర్‌డబ్ల్యూ లాక్, సి++17లో వచ్చిన షేర్డ్ మ్యూటెక్స్ ఆ సౌకర్యమే ఇవ్వవు. డాట్‌నెట్‌లోని రీడర్‌రైటర్‌లాక్‌స్లిమ్ పెంచుకోదగిన రీడ్ అనే మూడో స్థితిని పెట్టింది. అందులోకి ఒక సమయంలో ఒకే త్రెడ్ వెళ్లగలదు కాబట్టి పోటీ రాదు. అదే డాట్‌నెట్‌లోని పాత రీడర్‌రైటర్‌లాక్ పెంచుకోనిస్తుంది గానీ, ఆ మార్పు జరిగే లోపల మరో త్రెడ్ వచ్చి రాసిపోవచ్చు. పేరు చూసి హామీ ఉందనుకునేవారిని మోసగించేది అదే. జావా 8లోని స్టాంప్డ్‌లాక్ పెంచుకునే ప్రయత్నం చేసి, కుదరకపోతే సున్నా తిరిగి ఇస్తుంది. నిజాయితీగా చేసిన డిజైన్ అదేనని నా అభిప్రాయం, కానీ ఆ సున్నాను పరిశీలించవలసిన బాధ్యత మీదే.

ఇదే కుటుంబానికి చెందిన మరో ప్రమాదం రీడ్ లాక్ మీద మళ్లీ రీడ్ లాక్ తీసుకోవడం. జావాలోని ఈ లాక్ ఎవరి దగ్గర ఎన్ని రీడ్ లాక్‌లు ఉన్నాయో త్రెడ్ వారీగా లెక్క పెట్టుకుంటుంది కాబట్టి, ఇప్పటికే లోపల ఉన్న త్రెడ్‌ను మళ్లీ రానిస్తుంది. గోలో అలా కాదు. ఒక మెథడ్ ఆర్‌లాక్ (గోలో రీడ్ లాక్ తీసుకునే పిలుపు) తీసుకుని, లోపల మరో మెథడ్‌ను పిలిచి, అది కూడా ఆర్‌లాక్ తీసుకుందనుకోండి. ఆ రెండు పిలుపుల మధ్య ఎవరైనా రాయడానికి వరుసలో నిలబడితే, రెండో ఆర్‌లాక్ ఆ రాసేవారి కోసం ఆగుతుంది, రాసేవారు మొదటి ఆర్‌లాక్ కోసం ఆగుతారు. ఇక్కడ మాత్రం మీ అనుమానంలోని సమయం కలిసిరావడం నిజంగా అవసరం, అందుకే ఇది నెలల తరబడి దాగి ఉండి ఒక రోజు బయటపడుతుంది. రస్ట్ ప్రామాణిక లైబ్రరీలో కూడా ఒకే త్రెడ్ రెండోసారి చదవబోతే ఇరుక్కోవచ్చు లేదా పానిక్ కావచ్చు, అంటే పొరపాటుతో అక్కడే ఆగిపోవచ్చు. దీనికి నేను పాటించే పద్ధతి చిన్నది. లాక్ తీసుకునే బహిరంగ మెథడ్‌లు వేరు, లాక్ ఇప్పటికే ఉందని భావించే ప్రైవేట్ మెథడ్‌లు వేరు. మొదటి రకం రెండో రకాన్ని పిలవవచ్చు, రెండో రకం మొదటిదాన్ని ఎన్నడూ పిలవకూడదు.

ఇంతవరకు ప్రోగ్రామ్ ఆగిపోవడం గురించి చెప్పాను. ఆగకుండా తప్పు విలువలు ఇచ్చే పొరపాట్లు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే వాటిని ఎవరూ గమనించరు. వాటిలో నేను ఎక్కువసార్లు చూసినది, చదువుతున్నట్టు కనిపిస్తూ రాసే కోడ్. నేనే ఒకసారి ఈ గుంటలో పడ్డాను. చాలాసేపటిగా వాడనివాటిని తొలగించే క్యాష్ కోసం లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ను వాడిన క్రమం గుర్తుంచుకునే పద్ధతిలో సృష్టించి, గెట్ పిలుపును రీడ్ లాక్ కింద పెట్టాను. ఆ పద్ధతిలో గెట్ పిలిచిన ప్రతిసారీ దొరికిన అంశం వరుస చివరకు జరుగుతుంది, అంటే లోపలి లింకులు మారతాయి. రెండు త్రెడ్‌లు ఒకేసారి చదివినప్పుడు ఆ లింకులు చెడిపోయాయి. చాలా రోజులు నేను రాసే దారిలోనే తప్పు వెతికాను. జావా పత్రాల్లో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది, నేనే చదవలేదు. సి++లో దీనికి దీటైనది స్టాండర్డ్ మ్యాప్ మీద చదరపు బ్రాకెట్లతో వెతకడం. కీ లేకపోతే అది కొత్త అంశాన్ని చేర్చేస్తుంది, కాబట్టి షేర్డ్ లాక్ కింద ఫైండ్ మాత్రమే వాడాలి. మొదటిసారి అడిగినప్పుడు లెక్కించి దాచుకునే ఫీల్డులు, ఎన్నిసార్లు చదివారో లెక్కపెట్టే కౌంటర్లు కూడా ఈ కోవలోవే. రీడ్ లాక్ పట్టుకోవడం అంటే ఈ భాగంలో పంచుకున్నదేదీ మారదని మిగిలినవారికి మాట ఇవ్వడం. ఆ మాట నిలబెట్టుకుంటున్నారో లేదో లాక్ పరిశీలించదు. రస్ట్‌లో రీడ్ గార్డ్ మార్చడానికి వీలులేని రిఫరెన్సును మాత్రమే ఇస్తుంది కాబట్టి, అక్కడ చాలావరకు కంపైలరే పట్టుకుంటుంది. జావాలో మీరే పట్టుకోవాలి.

మీ మెథడ్ తిరిగి ఇచ్చే విలువ ఒక లిస్టు అని గమనించాను. మ్యాప్‌ను లాక్‌తో కాపాడినా, లాక్ విడిచిన తరువాత పిలిచినవారి చేతిలో మిగిలేది అదే లిస్టు. దాన్ని ఒకరు చదువుతూ ఉండగా మరొకరు మారిస్తే మీ లాక్ చేయగలిగింది ఏమీ లేదు. మార్చడానికి వీలులేని లిస్టుగా చేసి దాచండి. జావా 10 నుంచి లిస్ట్.కాపీఆఫ్ ఈ పని చేస్తుంది. ఇటరేటర్‌ను లాక్ బయటికి పంపడం కూడా ఇదే తప్పు.

వేగం తగ్గడం గురించి ఇప్పుడు చూద్దాం. చదివేవారందరూ కలిసి ముందుకు వెళ్లగలిగితే పని వేగంగా జరగాలి కదా అన్నది సమంజసమైన ఊహే. కానీ రీడ్ లాక్ తీసుకోవడం అంటే ఎంతమంది చదువుతున్నారో తెలిపే సంఖ్యను ఒకటి పెంచడం, విడవడం అంటే ఒకటి తగ్గించడం. డేటాను చదువుతున్నా లాక్‌ను మాత్రం రాస్తున్నారన్నమాట. ఆ సంఖ్య ఉన్న క్యాష్ లైన్‌ను, అంటే సాధారణ ప్రాసెసర్లలో 64 బైట్ల మెమరీ ముక్కను, ఒక సమయంలో ఒక్క కోర్ మాత్రమే మార్చగలదు. పదహారు కోర్ల మీద పదహారు త్రెడ్‌లు చదవబోతే ఆ ముక్క కోర్ నుంచి కోర్‌కు తిరుగుతూనే ఉంటుంది. లాక్ లోపల జరిగే పని ఒక్క హ్యాష్ వెతుకులాట మాత్రమే అయినప్పుడు, ఈ తిరుగుడుకు పట్టే సమయమే అసలు పనికన్నా ఎక్కువవుతుంది. పైగా జావా లాక్ చాలా వెర్షన్లలో ఒకే 32 బిట్ల సంఖ్యలో పై 16 బిట్లను చదువరులకు, కింది 16 బిట్లను రాసేవారికి కేటాయించి, త్రెడ్ వారీ లెక్కను విడిగా ఉంచుతుంది. ఆ వెర్షన్లలో ఏకకాలంలో 65,535 రీడ్ లాక్‌లకు మించి కుదరకపోవడానికి కారణం కూడా ఆ విభజనే. ఒక సమయంలో ఒక్కరినే రానిచ్చే మామూలు మ్యూటెక్స్‌కు ఈ అదనపు లెక్కలు లేవు. లోపల జరిగే పని చెప్పుకోదగినంత పెద్దదై, రాయడం అరుదై, అనేక కోర్లు ఉన్నప్పుడే రీడ్ రైట్ లాక్ గెలుస్తుంది. మీ సందర్భంలో రెండోదీ మూడోదీ ఉన్నాయి, మొదటిది లేదు.

ఎవరికి ముందు అవకాశం ఇవ్వాలన్న తగవు చాలా పాతది. 1971లో కోర్ట్వా, హేమాన్స్, పార్నాస్ ఈ సమస్యను ప్రకటించినప్పుడే చదివేవారికి ప్రాధాన్యం ఇచ్చే పరిష్కారాన్నీ, రాసేవారికి ప్రాధాన్యం ఇచ్చే పరిష్కారాన్నీ విడివిడిగా ఇచ్చారు. లినక్స్ మీద జీలిబ్‌సిలోని పీత్రెడ్ రీడ్ రైట్ లాక్ మామూలుగా చదివేవారి పక్షం వహిస్తుంది కాబట్టి, చదివేవారు ఎడతెగకుండా వస్తుంటే రాసే త్రెడ్ చాలాసేపు ఆగిపోగలదు. జావాలో ఫెయిర్ పద్ధతి కోరుకుంటే వచ్చిన వరుస పాటిస్తుంది, దానికి వేగంలో మూల్యం చెల్లించాలి. మీకు అది అవసరం లేదు.

లాక్ లేకుండా చదవవచ్చా? హ్యాష్‌మ్యాప్‌తో కుదరదు. రాసే త్రెడ్ పట్టికను పెద్దది చేస్తున్న సమయంలో చదివేవారు సగం కదిలిన పట్టికను చూస్తారు, ఉన్న కీ లేదని తేలవచ్చు. జావా 8కు ముందున్న అమలులో, లాక్ లేకుండా రెండు త్రెడ్‌లు ఒకేసారి రాసినప్పుడు లోపలి లింకులు వలయంగా మారి, ఆ తరువాత చదివే త్రెడ్ ఎప్పటికీ తిరుగుతూ ఉండిపోయే సంగతి ప్రసిద్ధం. అలాంటిదేమీ జరగకపోయినా, ఒక త్రెడ్ రాసినది మరో త్రెడ్‌కు కనిపించి తీరుతుందని జావా మెమరీ మోడల్ (ఒకరు రాసినది ఇంకొకరికి ఎప్పుడు కనిపించాలో చెప్పే నియమాలు) హామీ ఇవ్వదు. లాక్ విడవడం, ఆపైన మరొకరు అదే లాక్ తీసుకోవడం అనే జంటే ఆ హామీ ఇస్తుంది. రాసేవారు మాత్రమే లాక్ తీసుకుంటే ఆ జంటలో సగమే ఉన్నట్టు.

కాబట్టి మీ కోడ్‌కు నేను సూచించేది ఈ లాక్‌ను సరిదిద్దడం కాదు, తీసివేసి, అనేక త్రెడ్‌లు కలిసి వాడేందుకే జావా ఇచ్చిన కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ వాడటం. దానిలో గెట్ సాధారణంగా ఎవరికోసమూ ఆగదు. కంప్యూట్‌ఇఫ్‌యాబ్సెంట్ ఒక కీకి లెక్కింపు ఒక్కసారే జరిగేలా చూస్తుంది, మీరు చేతితో రాసిన రెండోసారి వెతికే మెట్టు దానిలోనే ఉంది. అయితే ఆ లెక్కింపు జరుగుతున్నంతసేపు ఆ కీ ఉన్న గదిలోకి రాయడానికి వచ్చిన ఇతర త్రెడ్‌లు ఆగవలసి ఉంటుంది, లెక్కించే ఫంక్షన్ లోపల నుంచి అదే మ్యాప్‌ను మార్చకూడదు. డేటాబేస్ పిలుపు నెమ్మదైనదైతే విలువకు బదులు కంప్లీటబుల్‌ఫ్యూచర్‌ను, అంటే తరువాత వచ్చే ఫలితం కోసం ముందే ఇచ్చే చీటీని, మ్యాప్‌లో ఉంచి, అసలు పిలుపు మ్యాప్ బయట జరిగేలా చూడండి, విఫలమైన ఫ్యూచర్‌ను మ్యాప్ నుంచి తొలగించడం మరవకండి. ఏ కారణం చేతనైనా పాత లాక్‌నే ఉంచుకున్నా డేటాబేస్ పిలుపును మాత్రం రైట్ లాక్ లోపల ఉంచకండి. నెట్‌వర్క్ ఒక సెకను ఆలస్యమైతే, ఆ సెకను అందరూ ఆగుతారు. బయట తెచ్చుకుని, లోపలికి వెళ్లి మళ్లీ చూసి, లేకపోతే చేర్చండి. అప్పుడప్పుడు రెండు త్రెడ్‌లు ఒకే విలువను తెచ్చుకోవడం జరుగుతుంది, కానీ అందరినీ ఆపడంతో పోలిస్తే అది చిన్న నష్టం.

మీరు ప్రస్తావించిన రెండో పట్టిక, గంటకోసారి మొత్తంగా మారే సెట్టింగులది, ఇంకా తేలిక. కొత్త మ్యాప్‌ను పక్కన పూర్తిగా తయారుచేసి, ఒక వోలటైల్ రిఫరెన్సును (మార్చగానే ఇతర త్రెడ్‌లకు కనిపించేదాన్ని) దానివైపు మళ్లించండి, ఆ తరువాత ఆ మ్యాప్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. చదివే మెథడ్ మొదట్లోనే ఆ రిఫరెన్సును లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని చివరిదాకా దాన్నే వాడాలి. రెండుసార్లు చదివితే సగం పాత సెట్టింగులు, సగం కొత్తవి వస్తాయి. స్టాంప్డ్‌లాక్‌లోని ఆప్టిమిస్టిక్ రీడ్ మీద, అంటే లాక్ పట్టుకోకుండా చదివి మధ్యలో ఎవరూ రాయలేదని తరువాత సరిచూసుకునే పద్ధతి మీద, మీ ప్రశ్న కింది వ్యాఖ్యల్లో కొందరు ఆసక్తి చూపారు. రెండు మూడు సంఖ్యల ఫీల్డులను కలిపి చదవడానికి అది చక్కగా పనిచేస్తుంది. మ్యాప్ లాంటి నిర్మాణం మీద మాత్రం వద్దు. సరిచూసుకునే పిలుపు వచ్చేలోపే సగం మారిన లింకుల మీద నడిచి ఎక్సెప్షన్‌లో పడవచ్చు. అది రీఎంట్రంట్ కూడా కాదు.

రెండు మూడు నిర్మాణాలు కలిసి ఒకే నియమాన్ని పాటించవలసిన చోట, ఉదాహరణకు పేరుతో వెతికే మ్యాప్, నంబరుతో వెతికే మ్యాప్ ఎప్పుడూ ఒకే మాట చెప్పవలసిన చోట, రీడ్ రైట్ లాక్ ఉంచడం సమంజసమే. అలా ఉంచిన ప్రతిచోటా రైట్ లాక్ తీసుకునే ముందు గెట్‌రీడ్‌హోల్డ్‌కౌంట్ సున్నా అని అసర్ట్‌తో (తప్పైతే అక్కడే ఆపేసే తనిఖీతో) పరిశీలించండి. ఆ మెథడ్ ప్రస్తుత త్రెడ్ చేతిలో ఎన్ని రీడ్ లాక్‌లున్నాయో చెబుతుంది, కాబట్టి నిశ్శబ్దంగా ఆగిపోవలసిన పొరపాటు పరీక్షలోనే ఏ వరుసలో జరిగిందో చూపిస్తుంది. పరీక్షలో మాత్రం మ్యాప్‌ను ఖాళీగా మొదలుపెట్టండి, ప్రతి పరీక్షకూ కాలపరిమితి పెట్టండి, అసర్ట్‌లు పనిచేయడానికి జేవీఎంను (జావా ప్రోగ్రామ్‌ను నడిపేదాన్ని) వాటిని ఆన్ చేసే ఫ్లాగ్‌తోనే నడపండి. ఫ్లాగ్ లేకపోతే అవి ఉన్నా లేనట్టే.